అరికాలి చుక్క

బొమ్మకు ముందు అద్దాలు పోయాయి. తర్వాత గవ్వలు, ఆ తర్వాత పూసలు. పసిపిల్ల నోట్లో పెట్టుకుని లాగితే ఊడివచ్చేదేదీ బొమ్మ మీద ఉండకూడదట, యూరప్ దేశాల రూలు. దామరచర్ల దగ్గరి తండాలో పుష్పాబాయి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. అద్దం ఉన్నచోట తెల్లదారంతో గుండ్రటి కుట్టు వేసింది, గవ్వ ఉన్నచోట ముడి వేసింది. లంబాడీ బొమ్మంటే ఒళ్లంతా తళతళ, గలగల. చివరికి మిగిలింది ఒట్టి రంగుగుడ్డల పిల్ల. బోసిగా ఉన్నా ముద్దుగానే ఉంది.

ఈ పని ఆమె సరదాపడి పట్టుకున్నది కాదు. మిర్యాలగూడ రైసుమిల్లులో ఏళ్ల తరబడి తవుడు దుమ్ము ఊడ్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకుంది. మళ్లీ మిల్లుకు పోయేదుంటే నా దగ్గరికి రావద్దని దవాఖానలో డాక్టరు కసిరాడు. భర్త కిష్ట్యా పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఇక తనూ, అత్త రంగీ. కూర్చుని చేసుకునే పని ఈ బొమ్మలొక్కటే. ఈ ఆర్డరు నిలిస్తే బతుకు నిలిచినట్టు, పోతే మళ్లీ ఆ చీపురే.

తండాల్లో కుట్టించిన బొమ్మల్ని జర్మనీకి పంపే కంపెనీ తరఫున కోదాడ నుంచి సంపత్ వస్తుంటాడు. మంచివాడే, కానీ అతని ఫోనొచ్చిందంటే కొత్త రూలొచ్చినట్టే. దారం రంగు దిగకూడదు. సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా గదిలోంచి ఒక్క బొమ్మ కదలకూడదు. ఒకసారి సూదిమొన కోసం ఆమెతో కలిసి కుట్టే తండా ఆడవాళ్లంతా అయస్కాంతం పట్టుకుని నేలంతా పాకారు. తల ప్రాణం తోకకొచ్చాక అది పుష్పాబాయి కుచ్చిళ్లలోనే దొరికింది. అప్పటికి నవ్వే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు.

నమూనా బొమ్మ హైదరాబాదు ల్యాబులో పాసైంది. దాన్ని చూసి మిగతావన్నీ కుట్టారు. మెడకు చీటీ కట్టి డబ్బాలో సర్దే పని రంగిది. ముసలిదానికి చూపు తగ్గినా ముడి వేళ్లకు తెలుసు. ఓడెక్కేముందు ల్యాబువాళ్లు సరుకులోంచి కొన్ని తీసి మళ్లీ పరీక్ష చేశారు. అక్కడ దొరికిపోయింది.

"అక్కా, సరుకు ఆగిపోయింది. ఆ బొమ్మల అరికాళ్లకి నల్లగా ఏంటది?" అన్నాడు సంపత్ ఫోనులో. "తడిగుడ్డతో రుద్దితే మసి దిగుతోందంట. పిల్లలు నోట్లో పెట్టుకునేది కదా, ఫెయిల్ చేశారు."

"మేమేం పెట్టలే తమ్మీ."

"ప్రతి బొమ్మకీ ఉందక్కా."

ఫోను దించి చూస్తే, గడపలో కూర్చున్న రంగి చూపుడువేలి గోటి సందు ఇంకా నల్లగానే ఉంది.

"అత్తా, బొమ్మలకు కాటుక పెట్టినవా?"

"పెట్టకుంటెట్ల?" రంగికి ప్రశ్నే వింతగా తోచింది. "ఆముదం దీపం మీద నేనే పట్టిన. బుగ్గకు పెడితే మీరు తిడ్తరని కాలికి పెట్టిన. అద్దం తీస్తిరి, గవ్వ తీస్తిరి. దిష్టిని ఆపేది ఒక్కటన్న ఉంచిన్రా? పిల్లను గట్లనే సముద్రం దాటిస్తరా?"

పుష్పాబాయికి ఒళ్లు మండిపోయింది. అరవబోతే దగ్గు అడ్డమొచ్చింది. దగ్గు తగ్గేసరికి ఏమని అరవాలో తెలియలేదు. పిల్లకేమీ కాకూడదనే వాళ్లూ అంటున్నారు, ఈమె కూడా అదే అంటోంది. ఇద్దరి మధ్యా నలిగేది తను.

సరుకు వెనక్కొచ్చింది. మసి ఉతికితే పోదు, ఇంకా పాకుతుంది. పాదాలు కత్తిరించి కొత్తవి కుట్టడమొక్కటే దారి. ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుంటే రంగి కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి వెళ్లిపోయింది. పుష్పాబాయి నడుము పట్టేసినా కుట్టింది, కళ్లు మండినా కుట్టింది. ఎక్కడో ఉన్న పిల్ల నోట్లోకి ఇంత మసి పోకుండా ఇన్ని రూళ్లు. తన ఊపిరితిత్తుల్లోకి అంత తవుడు పోతుంటే ఒక్క రూలూ అడ్డం రాలేదు. ఆ పిల్ల మీద ఆమెకు కోపం లేదు. దుఃఖం మాత్రం ఉంది.

రెండోసారి పాసైంది. సంపత్ ట్రాలీ ఆటోలో డబ్బాలెక్కించి, పోతూ పోతూ ఊరుకోలేదు.

"అక్కా, ఇంకొన్నేళ్లకి బొమ్మకి కూడా పాస్‌పోర్టు కావాలంట. చీటీ మీద ఫోను పెడితే దాని పుట్టుపూర్వాలన్నీ కనపడాలంట."

"నాకే లేకపాయె తమ్మీ," అంది పుష్పాబాయి. ట్రాలీ మలుపు తిరిగింది. ఆమె గడపలో కూలబడింది.

రంగి కాటుక డబ్బీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"మళ్లీ తెచ్చినవా అత్తా? ఇగ చాలు, నీకు దండం పెడ్త."

"బొమ్మలకు కాదే. రూలు బొమ్మలకే గద. నువ్వు కాలు చాపు."

పుష్పాబాయి చప్పున కాలు వెనక్కి లాక్కుంది. "పెద్దదానివి, నా కాలు పట్టుడేంది?"

"పిల్లలకు పెట్టేటప్పుడు పట్టమా?" అని రంగి తడుముకుంటూ కోడలి పాదం ఒళ్లోకి తీసుకుంది. పగుళ్లు తగలని చోటు వేలితో వెతికి వెతికి, చుక్క పెట్టింది.