ఊరి పేరు అద్దెకివ్వని భ్రమరాంబ గారు

పెడన భ్రమరాంబ గారు ఇక లేరన్న వార్త గురువారం ఉదయం నాకు ఫోనులో తెలిసింది. చెప్పింది ఆవిడ కలంకారీ అద్దకపు షెడ్డులో పనిచేసే సత్యవతి. "బాబుగారూ, అమ్మగారు వెళ్లిపోయారండీ" అన్నది. ముందురోజు కూడా ఆవిడ కాగు దగ్గర నిలబడి మంట తగ్గించమని గద్దించారట. అంతటి ప్రాణశక్తి తెల్లవారేసరికి అస్తమించిందంటే బుద్ధి ఒప్పుకోలేదు. పెడన వెళ్లి, ఆవిడ పార్థివదేహం ముందు నిలబడ్డాక కూడా ఒప్పుకోలేదు.

మర్నాడు పత్రికలో జిల్లా పేజీలో 'కలంకారీని ఇంటర్నెట్టుకెక్కించిన మహిళ మృతి' అని వేశారు. రాసినవారి సద్భావాన్ని శంకించను గానీ ఆ వాక్యాన్ని అంగీకరించను. కలంకారీని ఇంటర్నెట్టుకెక్కించింది వేరేవాళ్లు. వాళ్ల చేతుల్లోంచి దాన్ని వెనక్కి లాక్కున్నది ఆవిడ. ఈ వ్యత్యాసం చెప్పకుండా అర్పించే నివాళి ఏదైనా అసత్యమే.

భర్త కాలం చేశాక కాలువగట్టు పక్కనున్న ఆ షెడ్డును భ్రమరాంబ గారే నడిపారు. కరక్కాయ నీళ్లలో నానిన నేతబట్ట, దానిమీద టేకు అచ్చులు, పారే నీటిలో జాడించడం, రంగునిచ్చే వేరూ ఆకూ వేసి రాగి కాగులో ఉడికించడం. పటిక అద్దినచోట ఆ ఉడుకులోనే ఎరుపు పుడుతుంది. అది పుట్టే వేళ కాగు దగ్గర ఎవరు కబుర్లాడినా ఊరుకునేవారు కాదు. మాట కఠినమైనా హృదయం నవనీతమని రాయడం ఇలాంటి వ్యాసాల్లో ఆచారం. హృదయం సంగతి పనివాళ్లను అడగండి. మాట కాఠిన్యానికి నేనే సాక్షిని.

తొంభైల చివరి సంవత్సరాలవి. బందరు బస్టాండు ఎదురుగా నేను ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన కొత్త. పరీక్షల రిజల్ట్సు చూసుకునే విద్యార్థులు తప్ప నా దగ్గరకు వచ్చేవారు తక్కువ. ఒక మధ్యాహ్నం ఆవిడ బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చారు. ఏళ్ల తరబడి సరుకు కొంటున్న బొంబాయి దుకాణం వారు, ఇదే బట్ట ఇంటర్నెట్టులో చవగ్గా దొరుకుతోందని ఆర్డరు మానేశారట.

"ఆ ఇంటర్నెట్టేదో నీ దగ్గరుందటగా అబ్బాయ్, చూపించు" అన్నారు.

పెడనలో అద్దే బట్టకు బయట చలామణి అయ్యే పేరు పక్కనున్న మా బందరుదే కాబట్టి, సెర్చ్‌లో 'మచిలీపట్నం కలంకారీ' అని ఇంగ్లీషులో కొట్టాను. అన్నిటికంటే పైన ఉత్తరాది కంపెనీ ఒకటి వచ్చింది. మిల్లు గుడ్డమీద స్క్రీన్ ప్రింటు వేసి, అసలైన మచిలీపట్నం కలంకారీ అని అమ్ముతున్నారు. వాళ్ల పేజీలో ఒక ఫొటో పైనుంచి కిందికి మెల్లమెల్లగా తెరుచుకుంది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగారు.

"ఇది మా దొడ్డే! ఆ బట్టలు ఆరేస్తున్నది మా సత్యవతి! ఎవరో ఒకాయన ఫొటోలు తీసుకుంటానంటే మజ్జిగిచ్చి మరీ తియ్యనిచ్చాను." తెర మీద వేలు పెట్టి, "మరి మేం ఎక్కడున్నాం ఇందులో?" అని అడిగారు.

పేజీ తర్వాత పేజీ తిప్పాను. పెడన అన్న మాటే ఎక్కడా తగల్లేదు. "మీరు లేరు పిన్నిగారూ" అన్నాను.

"లేకపోవడమేంటి? నీ ఎదురుగా కూర్చుంటేనూ!"

ఆ రోజు నుంచి ఆవిడ జీవితం ఆ ఒక్క ప్రశ్నకు ప్రత్యుత్తరం.

కొన్నాళ్లకు ఆ కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు పెడన వచ్చాడు. అద్దకం వాళ్లందరూ సరుకు తమకే ఇవ్వాలనీ, స్క్రీన్ ప్రింటైనా అభ్యంతరం లేదనీ చెప్పాడు. చాలామంది తలూపారు. భ్రమరాంబ గారి షెడ్డుకు వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"అమ్మా, ఇకమీదట సెర్చ్‌లో మొదటి పేజీలో ఉన్నవాడిదే వ్యాపారమండీ. మీరెంత బాగా చేసినా కనపడకపోతే లేనట్టే. మాతో ఉంటే కనపడతారు."

"కనపడేది మీరు కదండీ? మీ గుడ్డకి మా ఊరి పేరెందుకు? మీ ఊరికి పేరు లేదా?"

"పేరులో ఏముందిలెండి..."

"ఏమీ లేకపోతే మీదే పెట్టుకోండి. మాది అద్దెకివ్వం."

ఆ ధిక్కారానికి మూల్యం ఆవిడే చెల్లించారు. ఆర్డర్లు తగ్గిపోయాయి. కాగు వారంలో సగం రోజులు చల్లగా ఉండేది. పనివాళ్లు ఒక్కొక్కరే స్క్రీన్ ప్రింటు షెడ్లకు తరలిపోయారు. సత్యవతి కూడా వెళ్లింది. "పిల్లల్ని పెంచుకోవద్దా? వెళ్లనీ" అన్నారే గానీ, ఆ సాయంత్రం అచ్చులన్నీ తనే ఒక్కొక్కటీ కడిగి బోర్లించుకున్నారు.

తర్వాత నా దగ్గరకు వచ్చి, మనకూ ఒక పేజీ కావాలన్నారు. నేను వెబ్‌సైటు చేయడం నేర్చుకున్నదే ఆవిడ కోసం. ఆ రోజుల్లో ఒక కిటుకు చలామణిలో ఉండేది. జనం వెతికే మాటలన్నీ తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో నింపితే, చదివేవారికి కనపడవు గానీ సెర్చ్ వాటిని చూసి పేజీని పైకి తెస్తుంది. అలా చేద్దామని చెప్పాను.

"కనపడకుండా రాసేదేంటి? దొంగసొత్తా? చేసే పని చేసినట్టు రాయి, చాలు."

ఆవిడ చెబుతూ ఉంటే తెలుగులో రాసుకుని, తెలిసిన లెక్చరర్ గారి చేత ఇంగ్లీషు చేయించాను. బట్ట ఎందుకు నానబెడతారు, ఏ రంగు దేనినుంచి వస్తుంది, అసలుకూ నకిలీకీ తేడా ఎలా గుర్తుపట్టాలి, అన్నీ దాపరికం లేకుండా చెప్పారు. రహస్యాలన్నీ బయటపెడుతోందని ఊళ్లో కొందరు ఆగ్రహించారు. "దాచుకునే పోయేట్టున్నాం, చెప్పి చూద్దాం" అన్నారావిడ.

చాలాకాలం ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఎక్కడెక్కడి బట్టల కాలేజీల వాళ్లో, మ్యూజియంల వాళ్లో, ఈ విద్య గురించి చదవాలంటే ఇక్కడ చదవండని తమ పేజీల్లో మన పేజీకి దారి చూపించడం మొదలుపెట్టారు. వాళ్లు అడిగిన ప్రతి సందేహానికీ ఆవిడ నా చేత జవాబు రాయించేవారు. అలా దారి చూపేవాళ్లు పెరిగేకొద్దీ సెర్చ్ ఆ పేజీని పైకి తెస్తుంది. ఒక ఉదయం సెర్చ్ చేస్తే పెడన పైనుంది, ఆ కంపెనీ కిందుంది. వెంటనే ఫోను చేశాను.

"సరే, ఆ ఫొటో తీసేశారేమో చూడు" అన్నారు, అంతే. తీసేయలేదు. తీసేసేదాకా ఉత్తరాలు రాయించారు, తీయించారు.

ఆర్డర్లు తిరిగొచ్చాయి. సత్యవతి తిరిగొచ్చింది. కంపెనీ మాత్రం డబ్బు కట్టి సెర్చ్ పేజీ పక్కన ప్రకటనగా నిలబడింది. పెడనలోనే స్క్రీన్ ప్రింటు పెరిగింది, ఇవాళ్టికీ పెరుగుతోంది. పూర్తి విజయమని రాస్తే ఆవిడే కోప్పడేవారు. లొంగలేదు, అది మాత్రం నిజం.

కీర్తిశేషుల స్థానం ఎవరూ పూరించలేరని ముగించడం మర్యాద. నేను మర్యాదకు రాయడం లేదు. నిన్న అహ్మదాబాదు నుంచి ఒక అధ్యాపకురాలి మెయిల్ వచ్చింది. భ్రమరాంబ గారు పోయిన సంగతి పాపం ఆమెకు తెలియదు. వానాకాలం బురదనీటిలో ఎరుపు మసకబారకుండా మీరేం చేస్తారని అడిగారు. సెర్చ్‌లో వెతికాను. ఎటు తిరిగినా మన పేజీకే చేరాను, అందులో ఆ సంగతి లేదు. ప్రపంచంలో ఒక్క మనిషికి తెలిసినది ఆ మనిషితోనే పోయింది. ఆ మహనీయురాలికి చేతులెత్తి నమస్కరిస్తూ, ఈ నష్టానికి సాంత్వన లేదని తెలిసే రాస్తున్నాను.

షెడ్డుకు వెళ్లి సత్యవతిని అడిగాను. కాగు కింద పుల్లలు ఎగదోస్తోంది.

"అమ్మగారు ఆ నీళ్లు నాలిక్కి రాసుకుని చూసేవారండీ. తర్వాత ఏదో తగ్గించేవారు. ఏం తగ్గించేవారో చెప్పలేదు, నేనూ అడగలేదు." కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏం రాస్తారండీ ఆ అహ్మదాబాదు ఆవిడకి?" అంది.

"తెలియదని రాస్తాను."

"అలా రాయకండి. వానలు పడనీయండి, ఉడికించి చూస్తాం. పాడైతే మళ్లీ ఉడికిస్తాం. తేలాక చెప్తామని రాయండి."

అలాగే రాశాను.