పాత మిషను నెమ్మదించిన వేసవి

మొన్న ఆదివారం మా అబ్బాయి సోఫాలో కాళ్ళు బారజాపుకుని ఫోనులో ఏదో వీడియో చూస్తున్నాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్లు రెండు, పాత మోడలూ కొత్త మోడలూ, బల్ల మీద పక్కపక్కన పెట్టి, దేని ప్రాసెసర్ ఎంత స్పీడో ఎవరో గడగడా చెప్పుకుపోతున్నాడు. "అమ్మా, ఇలా రా, ఏది ముందు కదులుతుందో చెప్పు చూద్దాం" అన్నాడు వాడు. నేను మిషన్లను చూడలేదు. వాటిని నొక్కుతున్న బొటనవేళ్ళను చూశాను, ఆ తరవాత ఫోను పట్టుకున్న మా వాడి వేళ్ళను చూశాను. పొయ్యి మీద పాలున్నాయని వంక పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. పాలూ లేవు, పాడూ లేదు.

మా అబ్బాయి చిన్నప్పుడు మా మరిది ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. భవానీపురంలో మా ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాడు. ముప్ఫై దాటినా పెళ్ళి మాటెత్తితే, "ముందు ఈ లెవెల్ అవనివ్వండి వదినా" అనే రకం. దుబాయి నుంచి స్నేహితుడు తెచ్చిన గేమ్ మిషను, నల్లగా కాస్త దళసరిగా ఉండేది, అతని చేతికి అంటుకుపోయి ఉండేది. అందులో కార్ల పందెం. ఆడుతుంటే ఆ వేళ్ళ వేగం చూసి తీరాల్సిందే. అసలు ఆ చేతులే అంత. వేసవిలో ముంజలు తెస్తే ఇంటిల్లిపాదికీ ఒలిచేది అతనే. ఎంత లేత ముంజయినా సరే, పైతొక్క తీసేస్తే లోపలి నీళ్ళు చుక్క జారేవి కావు. నేను ఒలిస్తే మోచేతుల దాకా తడే. "వదినా, మీరు ముంజలు తింటున్నారా, స్నానం చేస్తున్నారా?" అని ఏడిపించేవాడు.

ఒక ఏడాది చలికాలం నుంచీ పందేల్లో ఓడిపోవడం మొదలైంది. మలుపు రాగానే కారు వెళ్ళి గోడకి కొట్టుకునేది. "నేను నొక్కాక అది ఆలోచించుకుంటోంది వదినా. ప్రాసెసర్ ముసలిదైపోయింది" అనేవాడు. మేమూ నమ్మాం. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమైతే కాజాలు చిన్నవన్నాం. కాఫీ ఒలికితే గ్లాసు వేడన్నాం. మా అత్తగారైతే మాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. కొడుకు మొహం వేలాడేసుకోవడం చూడలేక, ఒక సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టుకుని ఆ మిషనుకి దిష్టి తీశారు. "వీధిలో వాళ్ళందరి కళ్ళూ దీని మీదే" అని గొణుక్కుంటూ మూడు చుట్లు తిప్పారు. ఆ రోజు పడీపడీ నవ్వాం.

వేసవి వస్తూనే గవర్నర్‌పేటలో కొత్త మోడల్ దిగిందని తెలిసి, నన్నూ వెంటేసుకుని వెళ్ళాడు. కొట్టాయనను మేం భాయ్‌గారు అనేవాళ్ళం. లేనిపోనివి చెప్పి అమ్ముకునే మనిషి కాదు. "ప్రాసెసర్ రెండిట్లోనూ ఒకటేనండీ. దీంట్లో మెమరీ పెంచారంతే. ఆట తెర మీదికి తొందరగా ఎక్కుద్ది, ఎక్కాక రెండూ ఒకటే పరుగండీ. పాతది బాగానే ఉంటే ఇంకోటెందుకండీ?" అన్నారు. మా మరిది వినిపించుకుంటేగా! కొనేశాడు. "కంపెనీవాళ్ళు అన్నీ పైకి చెప్పరు వదినా" అని ఆటోలో ఇంటిదాకా నాకు నచ్చజెపుతూనే ఉన్నాడు. తనకి తనే నచ్చజెప్పుకుంటున్నాడని నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారు పడుకున్నారు, మా ఆయన ఆఫీసులో, మా అబ్బాయి వీధిలో ఆటల్లో ఉన్నారు. రెండు మిషన్లలోనూ ఒకే ఆట వేశాడు. కొత్తదాంట్లో ఆట ముందు ఎక్కింది. "చూశారా! చెప్పానా!" అని లేచి నిలబడ్డాడు. ఆ మొహంలో అంత వెలుగు చూసి చాలా నెలలైంది. తీరా పందెం మొదలవగానే మొదటి మలుపులోనే కారు గోడకి కొట్టుకుంది. "ఇలా కాదు, పద్ధతిగా చూద్దాం. మీరు పాతది పట్టుకోండి. మూడు అనగానే ఇద్దరం నొక్కుదాం. ఏ కారు ముందు కదిలితే దాని ప్రాసెసర్ గెలిచినట్టు" అన్నాడు. మూడు అన్నాడు. నా చేతిలో పాతదాని కారు కదిలిపోయింది, కొత్తది ఆ తరవాత కదిలింది. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. నేను వెర్రిమొహంలా, "భాయ్‌గారు మనకి పాడైంది అంటగట్టలేదు కదా!" అన్నాను. అతను నవ్వలేదు. ల్యాబులో రెండు పరికరాలు రెండు లెక్కలు చూపిస్తే శాంపిళ్ళు అటుదిటూ ఇటుదటూ మార్చి చూస్తారట. "మార్చుకుందాం వదినా" అన్నాడు. మార్చుకున్నాం. ఈసారి నా చేతిలో కొత్తది ముందు కదిలింది, అతని చేతిలో పాతది వెనకబడింది. ఏది అతని చేతిలోకి వెళితే అది నెమ్మది.

తన బొటనవేలిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "అమ్మకి చెప్పకండి వదినా. మిషనే పాడైందందాం" అన్నాడు. సరేనన్నాను. భయమేసింది, అంతే.

నరాల డాక్టరు చెప్పిన జబ్బు పేరు నాకిప్పటికీ నోరు తిరగదు. చేతులతో మొదలై కాళ్ళకి, మాటకి, చివరికి ఊపిరికి వస్తుందన్నారు, అలాగే వచ్చింది. ఆ వేసవి ముంజలొస్తే గిన్నె నా వైపు జరిపి, "మీరే ఒలవండి వదినా, స్నానం చేయించినా పర్లేదు" అన్నాడు. ఒలిచి నోట్లో పెట్టాను. మెడంతా తడిసింది. ఇద్దరం నవ్వాం, నేను లేచి తువ్వాలు తెచ్చే వంకతో గదిలోకెళ్ళి ఏడ్చాను.

మా మరిది పెద్దకర్మ అయ్యాక అత్తగారు ఆ రెండు మిషన్లనూ కొంగుతో తుడిచి అలమరలో పెడుతూ, "ఆ కొత్తదేదో ముందే కొనుంటే బాగుండేది కదమ్మా. ఆ ముసలిదాంతో కుస్తీ పట్టీ పట్టీ పిల్లాడి చేతులు పాడయ్యాయి" అన్నారు. "అవునండీ అత్తయ్యగారూ" అన్నాను. పోయేదాకా ఆవిడ అదే నమ్మారు.

మా అబ్బాయికిప్పుడు అప్పటి మా మరిది వయసే. రేపు ముంజలు తెస్తానన్నాడు. ఒలవమని వాడికే ఇచ్చి, ఎదురుగా కూర్చుని వాడి వేళ్ళనే చూస్తాను. కాలమంటే అందరికీ గడిచిపోయిన ఏళ్ళు గుర్తొస్తాయేమో గానీ, నాకు మాత్రం "మూడు" అన్న మాటకీ అతని కారు కదలడానికీ మధ్య పట్టిన ఆ కాస్త ఆలస్యమే గుర్తొస్తుంది.