తరుగమ్మ జాన

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ తరుగమ్మ అంటారు. ముసలి ఎలుక మెదడు ఎంత కుంచించుకుపోయింది, నరం చచ్చుబడిన కండ ఎంత సన్నబడింది, యంత్రంలో తిరిగి తిరిగి ఇనుప ఇరుసు ఎంత అరిగింది, ఇలా తగ్గినదేదైనా ఆమె బల్ల మీదికే వస్తుంది. ఇంట్లో అత్తగారు కూడా, "నా వయసేమైనా తగ్గిందేమో కాస్త కొలిచిపెట్టవే" అని ఆటపట్టిస్తుంది. తరుగమ్మకు ఒక అలవాటుంది. పొద్దున్నే కుర్చీ లాక్కుని, ముందు బల్లను జానతో కొలుస్తుంది. సరిగ్గా ఆరు జానలు. ఈ గదిలో తగ్గనిది ఆ బల్ల ఒక్కటేనని ఆమె నమ్మకం. అది చూసుకున్నాకే కొలిచే పరికరం మీద చెయ్యి వేస్తుంది.

ఒకరోజు ఆరు జానలు అయిపోయినా బల్ల ఇంకా మిగిలింది. మళ్లీ కొలిచింది. మళ్లీ మిగిలింది. బల్ల మీదున్న ఇనుప ఇరుసును పిడికిట పట్టింది. నిన్న దాని చుట్టూ అందిన వేళ్లు ఇవాళ అందలేదు.

"ఏం తరుగమ్మా, ఇవాళ ఎంత తగ్గింది?" పెద్దసారు గుమ్మంలోంచి రోజూలాగే నవ్వుతూ అడిగాడు.

"ఏమీ తగ్గలేదు సార్. అన్నీ పెరిగాయి. బల్ల కూడా."

"బల్ల పెరగడమేంటమ్మా! పరికరంతో కొలిచి చూడు."

కొలిచింది. బల్లా నిన్నటిలాగే ఉంది, ఇరుసూ నిన్నటిలాగే ఉంది. ఆమె మనసు కుదుటపడింది. "నాదే పొరపాటు సార్" అని నవ్వేసి, పని మొదలుపెడదామని రోజూ వేసుకునే రబ్బరు తొడుగులు చేతులకు ఎక్కించుకుంది. పది వేళ్ల కొసలూ ఖాళీగా వేలాడాయి.