ఓనరమ్మగారికి నేను చూపించిన సముద్రం

మొన్న బుధవారం మా వారు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "అశోక్‌నగర్ ఓనరమ్మగారు పోయారట" అన్నారు. నేను కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతున్నాను. ఆ ముక్కలు అలాగే వదిలేసి, కట్టుకున్న చీరతోనే బయల్దేరాను. నల్లకుంట నుంచి అశోక్‌నగర్ ఎంత దూరమని! అయినా ఇల్లు మారిన ఈ ఏడాదిలో నేను ఆ గుమ్మం తొక్కింది రెండే రెండుసార్లు.

వాకిట్లో చేరిన ఆడవాళ్లు నాకు దారి ఇచ్చారు. "సముద్రం జూపిచ్చిన బిడ్డ వచ్చింది, జర జరగండ్రి" అంది ఒకామె. ఇంకొకామె నా చెయ్యి పట్టుకుని, "కడుపున పుట్టిన బిడ్డ గూడ గట్ల జెయ్యదమ్మా. నీకు పుణ్యముంటది" అని ఏడ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పుణ్యం ఎలాంటిదో నాకూ, మా వారికీ, అక్కడ చాప మీద పడుకోబెట్టిన ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. అది చెప్పుకుంటే గాని నాకు అన్నం సహించేలా లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా వారికి హైదరాబాదులో ఉద్యోగమై మేము వచ్చిన కొత్తలో, అశోక్‌నగర్‌లో ఆవిడ ఇంటి వెనక పోర్షన్‌లో దిగాం. ముందు పోర్షన్‌లో ఆవిడ ఒక్కరే ఉండేవారు. భర్త పోయారు, పిల్లల్లేరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. చిక్కడపల్లి మార్కెట్లో ఆవిడ బేరం మొదలుపెడితే పక్క గంపవాడు కూడా బెదిరి ధర తగ్గించేవాడు. నేను "పిన్నిగారూ" అంటే, "గారు గీరు ఏంది? పిన్ని అంటే సాలదా?" అని కసిరేవారు. నా నోటికి అలవాటు పోలేదు, ఆవిడ కసరడమూ మానలేదు. పచ్చడి పెడితే మొదటి గిన్నె మాకే. మా చంటివాడికి జ్వరం వస్తే నాకంటే ముందు ఆవిడే లేచి కూర్చునేవారు.

నాకేమో ఈ ఊరు నచ్చలేదు. నీళ్లు నచ్చలేదు, కూర నచ్చలేదు, మాట అసలే నచ్చలేదు. నా మొహం చూసి జాలిపడి కాబోలు, ఒక సాయంత్రం ఆవిడ నన్ను ట్యాంక్‌బండ్ మీదికి నడిపించుకుని వెళ్లారు. పొద్దు నీళ్లలోకి దిగుతోంది. హుస్సేన్‌సాగర్ అంతా కుంకుమ కలిపినట్టయింది. ఆవిడ తన పెరట్లో కాసిన కాయ చూపించినంత మురిపెంగా, "ఎట్లున్నది బిడ్డా మా సాగరు?" అని అడిగారు.

బాగుంది అంటే నా సొమ్మేం పోయింది? అనలేదు. "ఎంతైనా చెరువే కదా పిన్నిగారూ! మా బందరు వచ్చి చూడండి. సూర్యుడు ఏకంగా సముద్రంలోనే మునుగుతాడు. దాని ముందు ఇదెంత?" అనేశాను.

కోస్తా వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈపాటికి నవ్వుకుని ఉంటారు. మా సముద్రం తూర్పున ఉంది. పొద్దు పొడవడం సముద్రంలోనే గాని, కుంకేది మాత్రం వెనక తాటితోపుల్లో. ఏటా ఎండాకాలం మంగినపూడి ఒడ్డున పడి దొర్లినదాన్ని, నాకు తెలియకనా? ఈ ఊరివాళ్ల దగ్గర ఒక మంచి వస్తువుందంటే మా దగ్గర అంతకంటే మంచిది ఉండి తీరాలి. అక్కడి నుంచి వచ్చిన మాలో చాలామందికి ఉన్న జబ్బే అది. అందులో నా పాలు కాస్త ఎక్కువ.

నిజానికి అబద్ధం అక్కర్లేదు. మా సముద్రం మీద సాయంత్రానికి దాని అందం దానికుంది. పుట్టింటికి వెళ్లగానే బండ్లు కట్టించుకుని పిల్లాజెల్లా అందరం మంగినపూడి పోయేవాళ్లం. పులిహోర, ముంజెలు, ఆ నల్లటి ఇసక, చల్లటి గాలి. వెనక పొద్దు దిగుతుంటే మా నీడలు తాడిచెట్టంత పొడుగు సాగి నీళ్లలో పడేవి. పిల్లలు ఒకళ్ల నీడ ఒకళ్లు తొక్కుతూ అలల్లోకి పరుగెత్తేవాళ్లు. ఈ మాట చెప్పినా ఆవిడ నోరు తెరుచుకుని వినేవారు. కాని మొదటి అబద్ధం నోరు జారింది, రెండోది దానికి కాపలా కూర్చుంది.

సెలవుల తర్వాత తిరిగి రాగానే, నేను తెచ్చిన బందరు లడ్డూ పక్కన పెట్టి, ఆవిడ ముందు అడిగే మాట ఇదే: "ఈసారి గూడ మునిగిండా?"

"మునక్కేం పిన్నిగారూ! నీళ్లు సుయ్యిమన్నాయి."

"అవునా! సుయ్యిమన్నయా?" ఆవిడ చెంపలు వాయించుకునేవారు. మర్నాడు నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లందరికీ ఆ సుయ్యిమనడం ఆవిడే చేసి చూపించేవారు. నేను లోపల కిటికీ పక్కన నిలబడి నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తోంది.

"నన్ను గూడ ఒక్కసారి తీస్కపో బిడ్డా" అని ఆవిడ అడగడం రెండో ఏడు నుంచే మొదలైంది. తీసుకెళ్తే నా బండారం బయటపడుతుంది. ఒక ఏడు ఇంట్లో పెళ్లన్నాను, ఒక ఏడు ఇంటికి సున్నాలు వేయిస్తున్నారన్నాను. ఆవిడ ప్రతిసారీ "పోనీ తియ్, సముద్రం యాడికి వోతది" అనేవారు.

ఇంతలో అరవై తొమ్మిది వచ్చింది, ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం మొదలైంది. బళ్లు మూశారు, వీధుల్లో ఊరేగింపులు, ఎప్పుడు ఏమవుతుందో తెలియదు. మా వారు ఆఫీసుకి వెళ్తే తిరిగొచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. ఒక రోజు పది పన్నెండు మంది కుర్రాళ్లు మా గల్లీలోకి వచ్చి, "ఈ ఇంట్ల ఆంధ్రోల్లు ఉన్నరా?" అని అడిగారు. నేను పిల్లాడి నోరు మూసి తలుపు వెనక నిలబడ్డాను. ఓనరమ్మగారు గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. లేవనైనా లేవలేదు.

"మా ఇంట్ల నా బిడ్డ, అల్లుడు ఉన్నరు. ఏం పని? గింజలు తీస్తరా? తీస్తె రాండ్రి, కూసోండ్రి."

ఒకడు నవ్వాడు. ఇంకొకడు, "లేదమ్మమ్మా, ఊకె అడిగినం" అన్నాడు. వెళ్లిపోయారు. లోపలికి వచ్చి నన్ను చూసి, "ఏడుస్తవేంది? వాల్లు గూడ మన పోరగాల్లే. సదువుకొని నౌకరీలు లేక పరేషాన్ల ఉన్నరు. వాల్ల కోపం వాల్లది, నా బిడ్డ నాది" అన్నారు. నేను ఆవిడ ఒళ్లో తల పెట్టి బావురుమన్నాను. నిజం చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం ఏముంది? చెప్పలేదు. దానికి బదులు, "వచ్చే ఎండాకాలం మిమ్మల్ని బందరు తీసుకెళ్తాను, ఒట్టు" అన్నాను.

ఒట్టు పెట్టానా, ఆ వేసవి వచ్చేసరికి మళ్లీ పిరికితనం పట్టుకుంది. ఏ సాకూ దొరక్క, "మా ఊళ్లో పిల్లలకి అమ్మవారు పోసిందట పిన్నిగారూ, ఈసారి మేమే వెళ్లడం లేదు" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను! ఆవిడ మొహం పాలిపోయింది. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు, వేపాకులు, పెరుగన్నం పట్టుకుని చెప్పుల్లేకుండా గల్లీ చివర పోచమ్మ దగ్గరికి వెళ్లి మొక్కి వచ్చారు. ఐదు వారాలు అలాగే వెళ్లారు. మా అన్నయ్య పిల్లలు అక్కడ నిక్షేపంగా మామిడిపళ్లు తింటున్నారు. ఇక్కడ ఆవిడ వాళ్ల కోసం ఒక్కపొద్దులున్నారు.

ఆ మరుసటి ఏడు ఆవిడ కళ్లకి పొరలు కమ్మాయి. నారాయణగూడ డాక్టరు ఆపరేషన్ చెయ్యాలంటే గుండె బలం చాలదన్నారట. వెలుతురూ చీకటీ తెలుస్తాయి గాని, మనిషి మొహం పోల్చుకోలేరు. "ఇగ ఏం జూస్త బిడ్డా" అని ఒకసారి అన్నారు గాని, నన్ను తీసుకెళ్లమని మాత్రం అడగలేదు. మా వారే, "ఈ వేసవికి ఆవిణ్ణి తీసుకెళ్దాం, ఎన్నేళ్లుగా అడుగుతున్నారు" అన్నారు.

నేను సరేనన్నాను. ఎందుకన్నానో చెప్తాను, అందరూ వినండి. ఇప్పుడైతే ఆవిడకి కనపడదు కదా అని. సముద్రం చూపించిన బిడ్డ లోపల ఉన్న సంగతి అదీ.

రైల్లో ఆవిడ చిన్నపిల్లైపోయారు. బెజవాడ దాటినప్పటి నుంచి "వాసనొస్తున్నదా? ఉప్పు వాసనొస్తున్నదా?" అని ప్రతి స్టేషన్‌లోనూ అడిగారు. మంగినపూడిలో అల కాళ్ల మీదికి రాగానే కెవ్వుమని నా భుజం పట్టుకుని, మరుక్షణం వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. "ఇన్ని నీల్లు పెట్టుకొని నల్లా కాడ కొట్లాడుతమేంది మనం!" అని ఎంత నవ్వారో! నా పుట్టింటివాళ్లందరూ ఆవిడ నవ్వు చూసి నవ్వారు.

తర్వాత మావాళ్లు అలల్లోకి వెళ్తే, మేమిద్దరం ఆవిణ్ణి ఇసకలో కూర్చోబెట్టాం, మొహం సముద్రం వైపు. కొంగు సర్దుకుని, గుళ్లో హారతి కోసం ఎదురుచూసేవాళ్లలా చేతులు జోడించుకున్నారు.

"దిగుతున్నడా బిడ్డా?"

"దిగుతున్నాడు పిన్నిగారూ. ఎర్రగా, ఇంత పళ్లెంలా ఉన్నాడు. అంచు నీళ్లకి తగిలింది." మా వారు నా వైపు తెల్లబోయి చూశారు. నేను ఆయన వైపు చూడలేదు. "సగం మునిగాడు."

ఆవిడ చెయ్యి వెనక్కి పోనిచ్చి మెడ తడుముకున్నారు.

"మరి నా ఈపుకు ఎండ కొడ్తున్నదేంది?"

 ఆవిడ రెండు చేతులూ ఇసకలో ఆనించి, మెల్లగా, నేను పట్టుకోబోతే వద్దని, తనంతట తానే వెనక్కి తిరిగారు. మొహం మీద వెలుతురు పడగానే తెలిసిపోయింది. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ పొద్దు గూడ మా దిక్కే వోతున్నది గద బిడ్డా" అన్నారు నెమ్మదిగా. "గింత దానికి ఇన్నేండ్లు దాస్తివా?"

ఒడ్డునున్న వాళ్లంతా సముద్రం వైపు తిరిగి ఉన్నారు. ఆవిడొక్కరే సముద్రానికి వీపు పెట్టి, తాటితోపుల వైపు మొహమెత్తి, కళ్లు మూసుకుని, ఆ ఎరుపంతా మొహం మీద పడనిస్తూ కూర్చున్నారు. చేత్తో పక్కనున్న ఇసక తట్టి, కూర్చోమన్నారు. ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక, నేను నిలబడే ఉన్నాను.