దవాఖాన బండి టైర్లు

ఒక మనిషి కుడిచెయ్యి పోవడానికి కారణం నేను. అతని నౌకరి పోవడానికీ నేనే. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. మోయడం మాత్రం ముప్పై ఏళ్లకు పైగా మోశాను. మోస్తూనే సూదులు వేశాను, కాన్పులు చేశాను, ఆదివారం ప్రార్థనలో అందరితో కలిసి తల వంచాను. పాపాలు ఒప్పుకోమని పాస్టరుగారు అన్నప్పుడల్లా చిన్నచిన్నవి ఏరుకుని ఒప్పుకున్నాను. దీని దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకునేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. అతని అసలు పేరు కూడా రాయను. మల్లయ్య అనుకుందాం.

మాది షాద్‌నగర్ దగ్గర ఒక పల్లె. మా తాతముత్తాతలకు గుంటెడు భూమి లేదు. మా బాపు ఒక ఆసామి దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. మిషన్ బడిలో చదివి, నర్సు పని నేర్చుకుని, నెల తిరిగేసరికి జీతం అందుకున్న మొదటి మనిషిని మా ఇంట్లో నేనే. నల్లగొండలో ఒక ధర్మసంస్థ నడిపే దవాఖానలో నౌకరి దొరికింది. అప్పుడు సాగర్ డ్యామ్ కడుతున్నారు. హాలియా వైపు కాలువ తవ్వకం సాగుతోంది. పాలమూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి, ఆ ఎర్రమట్టిలో గుడిసెలు వేసుకుని రాళ్లు కొట్టేవాళ్లు, మట్టి మోసేవాళ్లు. జ్వరమొస్తే దవాఖానకు నడిచి రాలేని దూరం. అందుకని సంస్థవాళ్లు పాత మిలిటరీ లారీ ఒకటి కొని, దాని మీద చెక్కతో ఒక గది కట్టించారు. దాన్ని అందరూ దవాఖాన బండి అనేవాళ్లు.

నాకది ఇల్లు. లోపల ఒక పక్క మందుల అలమారా, ఇంకో పక్క గోడకు మడిచి పెట్టే చెక్క మంచం. కిటికీకి నేనే కుట్టిన పూల తెర. మూలకు కిరసనాయిలు స్టవ్వు, దాని పక్కన నీళ్ల డ్రమ్ము. నెలలో ఇరవై రోజులు అందులోనే వండుకుని, అందులోనే పడుకునేదాన్ని. గడియ పెట్టుకుంటే అది నా సొంతం. అంతకుముందు గడియ ఉన్న తలుపు నాకెప్పుడూ లేదు.

మల్లయ్య ఆ బండి డ్రైవరు. మక్తల్ వైపు గొర్రెలు కాసే ఇంటివాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నలుగురిలో నన్ను సిస్టరమ్మ అనేవాడు, ఇద్దరమే ఉన్నప్పుడు చెల్లె అనేవాడు. నేను అన్నా అనేదాన్ని. పొద్దుగూకితే కూలీల గుడిసెల దగ్గర పడక వేసుకునేవాడు. తిండి మాత్రం నా దగ్గరే. నా చేతి జొన్నరొట్టె తిన్నాడు, నా చెంబుతో నీళ్లు తాగాడు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద విషయమో మా వాడకట్టు మనుషులకు చెప్పనక్కర లేదు.

రెండేళ్లు గడిచేసరికి వెనుక చక్రాల టైర్లు అరిగి లోపలి దారాలు బయటపడ్డాయి. బండిని నల్లగొండకు తెచ్చాం. పెద్ద డాక్టరమ్మ సెలవులో ఉంది. మేనేజరు నన్ను పిలిచి, "బండి మీ చేతిలోనే ఉంటుంది కదమ్మా, మీరే పోయి టైర్లు తెచ్చుకోండి" అని షాపుకు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని నడుస్తుంటే నాకు గర్వంగానే ఉంది.

షాపాయన రెండు దారులు చెప్పాడు. లారీలకు వేసే బరువు టైర్లు కావాలంటే హైదరాబాదు నుంచి రావాలి, పది రోజులు పడుతుంది. అదే సైజులో చిన్న బండ్లకు వేసేవి ఒక జత షాపులోనే ఉన్నాయి. బయటికి తెచ్చి పెట్టాడు. నల్లగా, నిగనిగలాడుతూ, కొత్త రబ్బరు వాసన కొడుతున్నాయి. ఇవైతే బండి మెత్తగా పోతుంది, మీ మందు సీసాలు పగలవు అన్నాడు. మల్లయ్య గొంతుక్కూర్చుని టైరు పక్కను రెండు బొటనవేళ్లతో నొక్కి చూశాడు. తరువాత మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు నాకు ఒక్కటి కూడా మరుపుకు రాలేదు.

"వద్దు సిస్టరమ్మా. పక్కలు పల్సగున్నయి."

"సైజు గదే కద అన్నా."

"సైజు గదే. మోసే బరువు గది కాదు. గీ బండి మీద ఇల్లున్నది. డ్రమ్ము నిండ నీళ్లుంటయి, మందుల పెట్టెలుంటయి, మనముంటం. ఎండకాలమాయె. గా కంకర తొవ్వల గివి ఆగయి. పది దినాలు జర సబర్ జేద్దం."

"పది దినాలు కూసుంటె క్యాంపుల జెరాలొచ్చినోళ్లను ఎవరు జూస్తరు?"

 అతను లేచి చేతులు దులుపుకున్నాడు. "సదువుకున్నదానివి. నేను జెప్పేది జెప్పిన" అన్నాడు.

నేను ఆ జతే తీసుకున్నాను.

క్యాంపులో జ్వరాలున్న మాట నిజం. మేనేజరుకూ అదే చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు కూడా. కానీ నేను ఆగలేకపోయింది జ్వరాల కోసం కాదు. అంతకుముందు ఏడాది ఇంజను చెడిపోతే బండి పన్నెండు రోజులు వర్క్‌షాపులో ఉంది. ఆ పన్నెండు రోజులు నేను దవాఖాన నర్సుల క్వార్టర్సులో ఉన్నాను. లోపల జాగా లేదని వసారాలో మంచం వేశారు. తెరిచిన తలుపులోంచి ఒక ఖాళీ మంచం కనబడుతూనే ఉండేది. నా గ్లాసు గోడ గూట్లో విడిగా ఉండేది. వంటామె గరిటె ఎత్తిపట్టి నా పళ్లెంలోకి పైనుంచి వేసేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకుండానే అన్నీ జరిగాయి. పదమూడో రోజు బండెక్కి గడియ పెట్టుకుని ఆ చెక్క మంచం మీద చాలాసేపు కూర్చున్నాను. మళ్లీ ఆ వసారాకు పోనని అప్పుడే అనుకున్నాను.

ఆ పది రోజులు తప్పించుకోవడానికే నేను ఆ పల్చటి టైర్లు తీసుకున్నాను. మల్లయ్యకు ఈ సంగతి చెప్పి ఉంటే? నవ్వేవాడు కాదు. బహుశా ఇంకేదో ఉపాయం చెప్పేవాడు, బండి తీసుకుపోయి ఊరి బయట నిలిపేవాడు. నేను చెప్పలేదు. సిగ్గుపడ్డాను. సిగ్గుపడాల్సింది నేను కాదని ఇప్పుడు తెలుసు, అప్పుడూ కొంత తెలుసు. అయినా రోగుల పేరు అడ్డం పెట్టుకున్నాను. నాకు జరిగింది అవమానమే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ అవమానం చేసినవాళ్లకు ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది నా చేతి రొట్టె తిన్న ఒక్క మనిషికి.

నెల తిరగలేదు. మధ్యాహ్నం ఎండలో మందులు నింపుకుని హాలియా వైపు పోతున్నాం. పెద్ద చప్పుడైంది. కాలువ దగ్గర రాయి పేల్చారనుకున్నాను. అప్పటికే బండి కుడివైపుకు ఒరిగిపోతోంది. వెనుక కుడి టైరు పక్కన చీలి పేలింది. మల్లయ్య స్టీరింగు తిప్పాడు, బండి వినలేదు. కట్ట దిగి రాళ్ల మీద పక్కకు పడింది. నేను అతని మీద పడ్డాను, కాబట్టి బతికాను. అతని కుడిచెయ్యి కిటికీ మీద ఉంది. బండి బరువంతా దాని మీద పడింది.

కూలీలు గడ్డపారలతో పరుగెత్తుకొచ్చి బండిని లేపారు. రక్తం ఆగకుండా మోచేతి పైన రబ్బరు గొట్టంతో బిగించి కట్టాను. పని నాకు వచ్చు. మట్టి లారీలో వేసుకుని నల్లగొండకు తీసుకుపోతుంటే అతను కళ్లు తెరిచి, "చెల్లె, నీకేం గాలె గద?" అని అడిగాడు. నాకేం కాలేదన్నాను. ఆ సాయంత్రం మోచేతి కిందికి చేయి తీసేశారు.

నాలుగో రోజు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ఎదురుగా కాగితం, కలం పెట్టుకున్నాడు. బండి పోయింది, మనిషి చేయి పోయింది, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. "టైర్లు ఎవరు చూసి తీసుకున్నారమ్మా?" అని అడిగాడు.

చీటీ నాకిచ్చింది ఆయనే. ఆయనకు గుర్తుండాలి. గుర్తు లేనట్టు అడిగాడు. ఒప్పుకుంటే ఆయన మీదికీ వస్తుందని ఆయనకు తెలుసేమో. ఆ గదిలో ఇద్దరం ఒకటే దారి వెతుకుతున్నామేమో. ఇది ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు నాకు కనబడింది ఒకటే. బండి చేతిలోంచి పోతుంది, నౌకరి పోతుంది, షాద్‌నగర్ బస్సు దిగి ఆసామి ఇంటి ముందు నుంచి నడిచి మా గుడిసెకు పోవాలి.

"డ్రైవర్ జూసిండు సార్" అన్నాను.

అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అతను చూశాడు కదా. కూర్చుని, రెండు వేళ్లతో నొక్కి మరీ చూశాడు. చూసి వద్దన్నాడు. ఆ ఒక్క మాట మింగేశాను. నిలువునా అబద్ధం ఆడినవాళ్లు నాకంటే నయమేమో అనిపిస్తుంది. కనీసం తాము ఆడింది అబద్ధమని వాళ్లకు తెలిసి ఉంటుంది.

మేనేజరు నన్ను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లాడు. మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. "టైర్లు నువ్వే చూశావట కదా మల్లయ్యా?" అని ఆయన అడిగాడు. మల్లయ్య నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను అతని కట్టు వైపు చూస్తున్నాను.

"సిస్టరమ్మ జెప్పిందంటె గంతే సార్" అన్నాడు.

ఎందుకన్నాడు? నా మీద జాలా? చదువుకున్నదాని మాట ముందు తన మాట నిలవదనుకున్నాడా? ఒక చెయ్యి పోయాక ఇక ఏదైతేనేం అనుకున్నాడా? అడిగి తెలుసుకోవలసింది నేనే. అడగలేదు. నిర్లక్ష్యం అని కాగితం మీద రాశారు. అతని తప్పు కాదని తేలి ఉంటే గేటు దగ్గర కూర్చునే పనైనా ఇచ్చి ఉండేవాళ్లు. ఇవ్వలేదు. కట్టు విప్పిన వారానికి తమ్ముడు వచ్చి ఊరికి తీసుకుపోయాడు.

బండి బాగై వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు నేను ఆ వసారాలోనే పడుకున్నాను. ఈసారి బరువు టైర్లు వేశారు. ఎవరూ నన్ను అడగలేదు. కొత్త డ్రైవరు తన తిండి తాను తెచ్చుకునేవాడు.

ఐదారేళ్ల తరువాత మశూచి టీకాల పని మీద మక్తల్ వైపు పంపారు. తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. చెప్పేద్దామనే వెళ్లాను, నమ్మండి. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. మల్లయ్య గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చాడు. భుజం మీది గొంగడి కిందికి వేలాడి, లేని చేతిని కప్పేసింది. నన్ను చూసి ముఖం విప్పారింది. భార్యను పిలిచి, "గీ చెల్లెనే. ఆ దినం గొట్టం బిగిచ్చి కట్టకుంటె తొవ్వలనే సచ్చిపోదును" అన్నాడు.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది. ఆమెకు టైర్ల సంగతి తెలియదు. అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

బస్సు ఆగే చోటు దాకా మల్లయ్య నాతో నడిచి వచ్చాడు. అక్కడ చెట్టూ చేమా ఏమీ లేదు, ఇద్దరమే ఉన్నాం. "అన్నా, గా టైర్లు..." అన్నాను.

"బస్సొచ్చె యాళ్లయింది చెల్లె" అన్నాడు. అని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

అది క్షమించడమా? ఆ మాట మళ్లీ నా ముందర ఎత్తకు అనడమా? నాకు ఇష్టం వచ్చినప్పుడు మొదటిదనుకుంటాను. మనసు నిజం మాట్లాడే రోజున రెండోదని తెలుస్తుంది. నేను ఇంకొక్క మాట అని ఉండాలి. బస్సు రావడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఆ సేపంతా ఊరికే నిలబడ్డాం. అతని భార్య కట్టిచ్చిన పల్లికాయల మూట ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

మల్లయ్య ఇప్పుడు లేడు. అతని భార్య ఉందని విన్నాను. ఈ మధ్య మా చర్చి సంఘంవాళ్లు నన్ను ముందు కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పారు. కాలువ కూలీల కోసం బండినే ఇల్లు చేసుకున్న తల్లి అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను.

అతని భార్య దగ్గరికి పోయి చెప్పాలి. పోతానని రాస్తే అది కూడా ఇంకో అబద్ధమవుతుందేమో, అందుకని రాయను. ఆమె ముందు నిలబడే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. ఇంతవరకే చేతనైంది.

ఆ టైర్లు తీసుకున్నది నేను. మల్లయ్య వద్దన్నాడు. మూడు రోజులు కూర్చుని రాశాను గానీ, మొత్తం చెప్పాల్సింది ఇంతే. రాశాక గుండె కొంచెం తేలికైంది. తేలికపడే అర్హత నాకుందని మాత్రం అనను.