తీరం దాటింది

ఎనభైల్లో తెనాలి నుంచి రేపల్లె దాకా బస్సులో, అక్కడి నుంచి సైకిల్ మీద సముద్రపు ఒడ్డు పల్లెలకు వెళ్లి తుఫాను జాగ్రత్తలు చెప్పేవాణ్ని. రేడియో చెవి ఒగ్గి వినండి, అదే నా పాఠం. ఒక పల్లెలో రేడియోను కూలిపని చేసుకునే ఒక మామ్మకు అప్పగించాను. బ్యాటరీలు ఎండలో పెట్టుకుంటూ దాన్ని ప్రాణంలా చూసుకుంది.

తుఫాను రోజున ఊరంతా షెల్టర్‌లో చేరింది. మధ్యాహ్నం రేడియో, "తుఫాను బాపట్ల వద్ద తీరం దాటుతోంది" అంది.

"దాటిపోతందంటమ్మా, ఇంకేంటి భయం? గేదెని కట్టేసొచ్చాను, విప్పొస్తా" అని పక్కావిడతో చెప్పి మామ్మ లేచి వెళ్లిందట.

తీరం దాటడమంటే గాలీ నీళ్లూ ఊరి మీద పడడమే. ఆ ఒక్క ముక్క ఏ ఊళ్లోనూ విడమరిచి చెప్పలేదు నేను. నాకు తెలిసిన మాట అందరికీ తెలుసనుకున్నాను. తగలబెట్టాలి నా చదువు.

మర్నాడు ఆమె గేదె పక్కనే దొరికింది. ఇంకా విప్పని పలుపు చేతిలోనే ఉంది.

పిల్లల ఏడుపుల్లో రేడియో ఇంకెవరూ వినలేదట. విననివాళ్లంతా బతికారు. నేను చెప్పినట్టు చెవి ఒగ్గి విన్నది ఆమె ఒక్కతే.