లూసీ గీసిన ఆమేనమ్మ

జెర్సీ సిటీ తెలుగు సంఘంలో జ్ఞానమ్మ ప్రార్థన అంటే ఎరగనివాళ్లు లేరు. ఆవిడ కళ్లు మూసుకుందంటే పిల్లలు గోడకి చేరగిలబడేవారు, మగవాళ్లు మఠం మార్చుకుని కూర్చునేవారు, వంటింట్లో బిర్యానీ మీద తీసిన మూత మళ్లీ పడేది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. భర్త పోయాక ఒంటరిగా ఈ దేశం వచ్చి, ఒంటరిగానే ఉంటూ, ఊళ్లో ఉన్న తెలుగు క్రైస్తవులందరికీ పెద్దమ్మ అయిపోయింది. ఒంట్లో బాగాలేకపోతే అందరూ ముందు ఆవిడకే ఫోన్ చేసేవారు. విన్నదంతా దేవుడికి వివరంగా విన్నవించాలని ఆవిడ నమ్మకం. "ప్రభువా, దైవాశీర్వాదం మూలశంకతో కూర్చోలేకపోతున్నాడు, నీకు తెలుసు తండ్రీ" అని ఓ శనివారం నిండు కూడికలో అనేసరికి, అంతవరకూ బాగానే కూర్చున్న ఆ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

లూసీ 1979లో ఏడాది పిల్ల ఎస్తేరుని చంకనేసుకుని భర్త రత్నరాజు దగ్గరికి వచ్చింది. గుంటూరులో డ్రాయింగ్ టీచరుగా చేసిన మనిషి. ప్రతి క్రిస్మస్ నాటకానికీ హేరోదు రాజు కిరీటమూ, గొర్రెల కాపరుల గడ్డాలూ, దేవదూతల రెక్కలూ ఆవిడ చేతిమీదుగానే తయారయ్యేవి. ఇక్కడ పొద్దున్నే రత్నరాజు మన్‌హాటన్ ట్రైనెక్కి వెళ్లిపోతే ఇంట్లో మిగిలేవి చంటిపిల్ల, కిటికీ, ఓ డజను పెన్సిళ్లు. చేతులు ఊరుకునేవి కావు. పాల డబ్బాల అట్టల మీద, కిరాణా సంచుల మీద ఎదురింటివాళ్లనీ, పోస్ట్‌మాన్‌నీ, చివరికి రత్నరాజు గురక పెట్టే నోటినీ గీసిపారేసేది.

మరుసటేడు కడుపు వచ్చింది, మూడో నెలలోనే పోయింది. ఆస్పత్రిలో తోడుండి ఇంటికి తెచ్చి దింపింది జ్ఞానమ్మే. ఎవరికీ చెప్పొద్దని అనాలని లూసీకి తోచలేదు. ఆ శనివారం కూడికలో జ్ఞానమ్మ అందరి జబ్బులూ అయ్యాక గొంతు తగ్గించి, "ప్రభువా, మా లూసమ్మ కడుపులోంచి నీ దగ్గరికి వచ్చేసిన ఆ పసికందుని చూసుకో తండ్రీ. దాని పేరు మాకు తెలియదు, నీకు తెలుసు" అంది.

లూసీకి ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ బిడ్డని బిడ్డ అన్నది ప్రపంచంలో జ్ఞానమ్మ ఒక్కతే అని ఆ ఏడుపులో తెలుస్తూనే ఉంది. అయినా కోపమే గుర్తుపెట్టుకుంది. మనుషులం అంతే, మందు వేసిన చేతిని వదిలేసి మంటని తలుచుకుంటాం.

సంఘానికి ఓ పత్రిక ఉండేది. తెలుగు టైపు ఎక్కడా దొరక్కపోవడంతో లూసీ చేతిరాతే దానికి అచ్చు. రత్నరాజు తన ఆఫీసులో జిరాక్స్ తీయించుకొచ్చేవాడు. నెలనెలా చివరి పేజీ ఖాళీగా మిగిలేది. "ఏదన్నా నవ్వొచ్చే బొమ్మ వెయ్యమ్మా, మన యూత్ కూడా చూస్తారు" అన్నారు పాస్టరుగారు. లూసీ ఇంటికెళ్లి నాలుగు గళ్లు గీసింది. మొదటి గడిలో తెల్ల చీరా, దాని కింద తెల్ల నర్సు బూట్లూ వేసుకున్న లావుపాటి ఆవిడ ప్రార్థన మొదలుపెడుతుంది, పక్కన బిర్యానీ పొగలు కక్కుతూ ఉంటుంది. రెండో గడిలో పొగలు లేవు. మూడో గడిలో కిటికీ బయట మంచు మోకాళ్లదాకా పడింది. నాలుగో గడిలో తల్లి ఒళ్లోని చంటిబిడ్డకి మీసాలు వచ్చాయి. ఆవిడ మాత్రం, "చివరిగా, ప్రభువా..." అంటూ ఉంది. ఆవిడకి ఆమేనమ్మ అని పేరు పెట్టింది.

బొమ్మ బాగా కుదిరింది. అందులో అబద్ధం లేదు. వ్యంగ్యచిత్రం సూత్రం లూసీకి బాగా తెలుసు: మనిషిలో ఒకే ఒక్కటి పట్టుకో, దాన్ని పెంచు, మిగతావన్నీ తీసెయ్. ఆమేనమ్మకి కళ్లు రెండు గీతలు, ముక్కు ఓ చుక్క, ముఖమంతా తెరిచిన నోరు. తీసేసినవాటిలో ఏమేం పోయాయో ఆ రోజు లెక్కలోకి రాలేదు.

పత్రిక పంచిన ఆదివారం గుడి మెట్ల దాకా నవ్వులే. దైవాశీర్వాదం అయితే ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. జ్ఞానమ్మ కళ్లజోడు సవరించుకుని బొమ్మని చాలాసేపు చూసి, లూసీ దగ్గరికి వచ్చింది.

"భలే గీశావమ్మా. ఎవరే ఇది?"

"ఎవరూ కాదు పెద్దమ్మా. ఊరికే ఊహించి గీశాను."

"అంతేలే" అంది జ్ఞానమ్మ. కాళ్లకున్న తెల్ల బూట్లు చీర కుచ్చిళ్ల కిందకి లాక్కుంది. లూసీ అది చూసింది. చూసి, వచ్చే నెల బొమ్మలో బూట్లు ఇంకాస్త పెద్దవి చేసింది. అదీ అసలు తప్పు. మొదటి బొమ్మ కోపంలో గీసింది అనుకోవచ్చు, రెండోది చప్పట్ల కోసం గీసింది.

ఆమేనమ్మ ఏళ్ల తరబడి నడిచింది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ప్రార్థన చేసింది, దంతాల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ప్రార్థన చేసింది. పిల్లలకి ఆవిడంటే పిచ్చి. 1983 క్రిస్మస్‌కి ఫాన్సీ డ్రెస్ పెడదామన్నప్పుడు ఎస్తేరే అడిగింది, "మమ్మీ, నేను ఆమేనమ్మ అవుతాను, ప్లీజ్!" అని. కాదనడానికి లూసీకి నోరు రాలేదు. వచ్చేదీ కాదు, గుంటూరు వదిలాక వేషం కుట్టే అవకాశం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న చేతులవి. దిండు కట్టి తెల్ల గుడ్డతో చీర కుట్టింది. అట్టతో బైబిలూ, పెద్ద తెల్ల బూట్లూ చేసింది. కాగితం గుజ్జుతో ముసుగు చేసి, దారం లాగితే నోరు తెరుచుకునేలా కీలు పెట్టింది. పని అయ్యాక తనే పదిసార్లు లాగి చూసుకుని మురిసింది.

ఎస్తేరు స్టేజి మీద దారం లాగి, "ప్రభువా, ఇంకా ఒక్క మాట" అనగానే హాలు దద్దరిల్లింది. తెర పక్కనుంచి లూసీ ముందు వరసకేసి చూసింది. జ్ఞానమ్మ కూడా నవ్వుతోంది, పైటకొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. కాసేపటికి అందరి నవ్వులూ ఆగాయి. పైటకొంగు మాత్రం కళ్ల దగ్గరే ఉంది.

ఫస్ట్ ప్రైజ్ ఎస్తేరుకే వచ్చింది. కిందికి దిగిన పిల్ల బుగ్గ నిమిరి, "ఎంత ఓపికే మీ అమ్మకి! నా బూట్లు కూడా దింపేసింది" అంది జ్ఞానమ్మ. ఈసారి ఊహించి చేశాననే ధైర్యం లూసీకి లేకపోయింది. వెర్రినవ్వు ఒకటి నవ్వి, పిల్ల నడుముకున్న దిండు విప్పసాగింది.

తర్వాతి శనివారం పాస్టరుగారు ప్రార్థన చెయ్యమంటే జ్ఞానమ్మ నాలుగు మాటల్లో ముగించేసింది. పేర్లు లేవు, జబ్బులు లేవు. "ఇదేంటి పెద్దమ్మా, ఇవాళ అన్నం వేడివేడిగా తింటామా ఏంటి!" అన్నాడు దైవాశీర్వాదం. అందరూ నవ్వారు, వేడివేడిగా తిన్నారు. ఇంకో ఏడాదికి, "గొంతు బాగోలేదు పాస్టరుగారూ, ఇంకెవర్నన్నా చెయ్యమనండి" అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అడగడమూ మానేశారు.

కూడికలు చకచకా అయిపోతున్నాయి. కొత్తగా వచ్చిన ఓ కుర్రాడికి ఇండియాలో తల్లి పోయింది. ఇదివరకైతే ఆ తల్లి పేరూ, ఊరూ, ఏ జబ్బుతో పోయిందో కూడా ఆ గదిలో వినపడేది. ఆ శనివారం పాస్టరుగారు "దుఃఖంలో ఉన్నవారందరినీ" అని ఒక్క మాటలో చుట్టేశారు. కుర్రాడు ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు. లూసీ తన ప్లేటు పక్కన పెట్టేసింది. ఈ గదిలోంచి ఒక మనిషి గొంతు తను తీసేసిందని ఆ రోజు తేటగా తెలిసింది. ఆమేనమ్మని ఆపేసింది. ఎందుకు ఆపావని అందరూ అడిగారు గాని, జ్ఞానమ్మ అడగలేదు.

1986లో రత్నరాజు ఇంటికి కంప్యూటరు తెచ్చాడు. అందులో బొమ్మలు గీసే ప్రోగ్రాం ఉంది. మౌసు పట్టుకుని గీయడం మొదట్లో సబ్బుబిళ్లతో ముగ్గు పెట్టినట్టు ఉండేది. వారం తిరిగేసరికి చెయ్యి కుదిరింది. లూసీకి అన్నిటికన్నా నచ్చింది చెరపడం. కాగితం మీద ఎంత చెరిపినా గాటు మిగులుతుంది. ఇక్కడ తప్పుడు గీత మీద అలా తోస్తే తెల్లగా, అసలు ఎప్పుడూ ఏమీ లేనట్టు అయిపోతుంది. పిచ్చి ఆశ ఒకటి పుట్టింది. జ్ఞానమ్మ ముఖాన్ని ఉన్నదున్నట్టు గీసి, అదే చివరి పేజీలో వేద్దామనుకుంది. నోటితో చెప్పలేని క్షమాపణ బొమ్మతో చెబుదామని.

గీసింది. ఆమేనమ్మ వచ్చింది. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ ఆమేనమ్మే. తెర మీది బొమ్మని చుక్కలు విడిగా కనపడేంత పెద్దది చేసుకుని, ఒక్కొక్క చుక్కే పెట్టుకుంటూ వెళ్లినా, నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తాను బావిలా తెరిచిన ఆ నోటినే తవ్వేసేది. మాట్లాడకుండా ఉన్నప్పుడు పెద్దమ్మ పెదాలు ఎలా ఉంటాయో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అన్నేళ్లు వారం వారం ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం! రత్నరాజు తొంగి చూసి, "ఆమేనమ్మ మళ్లీ వస్తోందా? భలే!" అన్నాడు. లూసీ స్విచ్ ఆపేసింది.

మరుసటేడు వేసవిలో ఎస్తేరుకి అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ అయింది గాని జ్వరం దిగలేదు. చీము లోపల పాకిందనీ, ఇంకో రెండు రోజులు గడవాలనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. రత్నరాజు కాఫీ కోసం కిందికి వెళ్లినప్పుడు జ్ఞానమ్మ వచ్చింది. ఆవిడ పనిచేసే ఆస్పత్రే అది. డ్యూటీ దిగి అటునించి అటే వచ్చినట్టుంది, ఒంటి మీద యూనిఫారం ఉంది. చార్టు చూసింది, పిల్ల నుదురు తాకింది, సెలైన్ సరిచేసింది.

"పెద్దమ్మా, ప్రార్థన చెయ్యండి" అంది లూసీ.

జ్ఞానమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ప్రభువా, ఈ బిడ్డని కాపాడు. ఆమేన్" అంది. కళ్లు మూసుకోలేదు. సెలైన్ సీసాకేసి చూస్తూనే అనేసింది.

లూసీ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "ఇంకా చెయ్యండి పెద్దమ్మా. ఎస్తేరు పేరు చెప్పండి. దాని జ్వరం ఎంతుందో చెప్పండి. అన్నీ చెప్పండి, ఎంతసేపైనా చెయ్యండి."

"ఆయనకి తెలుసు కదమ్మా."

"అప్పుడూ తెలుసు కదా, అప్పుడు చెప్పేవారు కదా! నా బిడ్డకి... పోయిన బిడ్డకి కూడా చేశారు కదా!" లూసీ ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయింది. "అది మీరే పెద్దమ్మా. ఊహించి గీసింది కాదు. మిమ్మల్నే గీశాను, మీ మీద కోపంతో గీశాను, తర్వాత నలుగురూ నవ్వుతున్నారని గీశాను. ఆ వేషమూ మీదే. నన్ను క్షమించండి."

"లే అమ్మా, లే. నేల చల్లగా ఉంది." జ్ఞానమ్మ ఆమెని లేపి కుర్చీలో కూర్చోబెట్టి పక్కన తనూ కూర్చుంది. "నాకు తెలియకేంటి! ఆ రోజే తెలుసు. ఆ రాత్రే మోకాళ్లేసి క్షమించేశాను. నీ మీద నాకేం లేదు లూసమ్మా, ఒట్టు."

"మరి ఎందుకు చెయ్యరు?"

జ్ఞానమ్మ సెలైన్ సీసాకేసి చూసింది. పెదాలు మూసుకుని ఉంది. పై పెదవి సన్నగా, ఎడమ కొసన చిన్న మచ్చతో ఉందని లూసీ ఇప్పుడు చూసింది.

"కళ్లు మూసుకుంటే ఆ బొమ్మ కనపడుతుందమ్మా" అంది జ్ఞానమ్మ. "అంత నోరేసుకుని. ఇదివరకు కళ్లు మూసుకుంటే ఆయన ఉన్నట్టుండేది, ఇప్పుడు అదే ఉంటోంది. ఎంత తోసినా పోదు. దాని ముందు నేనేం మాట్లాడను చెప్పు?"

మంచం మీద ఎస్తేరు మూలిగింది. ఇద్దరూ అటు తిరిగారు. జ్ఞానమ్మ తడిగుడ్డ తీసి పిల్ల నుదుటి మీద వేసి, రెండో చెయ్యి లూసీ చేతిమీద పెట్టింది.

"నువ్వు చెయ్యి. పిల్ల పేరు చెప్పి, నీకు తోచినంతసేపు చెయ్యి. నేను ఆమేన్ అంటాను."

లూసీ కళ్లు మూసుకుంది. "ప్రభువా, మా ఎస్తేరు" అనగలిగింది. ఆ పైన ఆ పేరే మళ్లీ మళ్లీ అంటోంది. జ్ఞానమ్మ తొందరపెట్టలేదు. ఆమేన్ అనడానికి, కళ్లు తెరుచుకునే ఎదురుచూస్తూ కూర్చుంది.